కీర్తియు పాటయు

ప్రతి సంవత్సరమును జూను మాసమున క్రొత్త తరగతిలో నడుగిడినప్పుడు మేము పిల్లలను ఒక ప్రశ్న యడుగుట వాడుక. "నీవు పెద్దవాడవైన పిమ్మట ఏమి కావలెనని యున్నది?" మేము ఉపాధ్యాయ శిక్షణము ముగించి ఈ పనిలో చేరిన తొలి దినములలో ఒకడు డాక్టరనియు, ఒకతె కలెక్టరనియు, వేరొకడు బస్సు డ్రైవరనియు చెప్పుచుండెడివారు. ఈ యేడు తొమ్మిదవ తరగతిలో ఏడుగురు పిల్లలు ఒక్కటే మాట చెప్పిరి: "ఫేమస్ అవుతాను సార్." "దేనిలో?" అని యడిగితిమి. ఆ ప్రశ్న వారికి వింతగా తోచెను. ఒక బాలుడు కొంత యాలోచించి, "అది తరవాత చూసుకుంటాను సార్" అనెను. తరగతి యెల్ల నవ్వెను; మేమును నవ్వితిమి. కాని యింటికి పోయిన పిదప ఆ మాట మమ్ము విడువలేదు.

కీర్తి యనునది వృత్తి కాదు. వడ్రంగికి బల్ల కలదు, కుమ్మరికి కుండ కలదు, రైతునకు పంట కలదు. కీర్తికి తనదని చెప్పుకొన వస్తు వొక్కటియు లేదు. అది చేసిన పనికి నీడవంటిది. నీడను పట్టుకొన బరువెత్తువాడు వెలుగునకు వెన్ను చూపియే పరువెత్తవలెను. ఐనను పిల్లలను నిందించుటకు మాకు నోరాడదు. మన పూర్వులు సయితము దేహము పోయినను కీర్తి నిలుచునని చెప్పి కీర్తిని కొనియాడిరి గాని దూషింపలేదు. మా పాఠశాలయందును బహుమాన దినమున పేర్లు పిలిచి, వేదిక యెక్కించి, చప్పట్లు కొట్టించువారము మేమే గదా! కావున పేరు కోరుట పాపమా యనునది మా ప్రశ్న కాదు. పేరు వచ్చునప్పుడు, లేక వచ్చునని యాశ పుట్టినప్పుడు, చేతిలోని పని యేమగును అనునదే మా ప్రశ్న. ఈ సంవత్సరము మా పాఠశాలలో జరిగిన యొక చిన్న విషయము ఈ ప్రశ్నను మా గుమ్మము నొద్దకు తెచ్చినది. దానిని చివర విన్నవించెదము. ఆ తప్పు మాదే యగుటచేత ముందుగా చెప్పుకొనుటకు కొంత జంకు కలుగుచున్నది.

వార్షికోత్సవమున పిల్లలు "ర్యాప్" పాడుదుమని యడిగినప్పుడు కొందరు తల్లిదండ్రులు వలదనిరి. "అది పాట కాదు, అరుపు" అని యొకరును, "బూతులు నేర్చుకొందురు" అని యింకొకరును అనిరి. రెండవ భయము కేవలము నిరాధారము కాదు. వినరాని మాటలతో నిండిన పాటలు అందు పెక్కు కలవు. కాని వినరాని మాటలు మన సినిమా పాటలలోను, తిరునాళ్ళ పాటలలోను లేవా? ఆ మాటలు పాడువాని దోషము గాని పాడు పద్ధతి దోషము కాదు.

ఆ పద్ధతి యెట్లు పుట్టెనో తెలిసికొన్నచో పెద్దలకు దానియందు గల రోత కొంత తగ్గును. 1973 ఆగస్టు 11వ తేదీన అమెరికాలో న్యూయార్కు నగరపు బ్రాంక్సు అను పేదవాడలో, సెడ్జ్‌విక్ వీథియందలి యొక పెద్ద నివాసభవనమున, సిండీ కాంబెల్ అను బాలిక యొక వేడుక నేర్పాటు చేసెను. ఏల? బడి తెరుచు దినములు వచ్చుచున్నవి. బట్టలు కొనుటకు డబ్బు కావలెను! ఆమె యన్న, హెర్క్ అను పేర ప్రసిద్ధుడు, రెండు గ్రామఫోను పలకలను తిప్పుచు, నాట్యమున కనువైన తాళభాగమునే మరల మరల మ్రోగించెను. ఆ తాళముమీద పలికిన మాటలే కాలక్రమమున ర్యాప్ అయినవి. దాని చుట్టును పెరిగిన సంగీత నృత్య చిత్రకళల సముదాయమునకే "హిప్ హాప్" అని పేరు. తాళముపై మాట నడపుట మనకు మాత్రము క్రొత్తయా? హరికథకుడు చిడతల నడుమ వచనము పరుగెత్తించుట మనము విన్నదే. బుర్రకథలో కథకుడు చెప్పుచుండగా వంతలు తాళము తప్పక అందుకొనుట విన్నదే. మన జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళయొద్ద భారతము జరుగు దినములలో పగలు హరికథయు, రాత్రి వీధినాటకమును వినుచు పెరిగిన తాతలకు మనుమని ర్యాప్ పరదేశపు వింత కానక్కర లేదు.

ఇక కీర్తి విషయము. మా పూర్వ విద్యార్థి యొకడు సెలవులకు వచ్చినప్పుడు, మా సందేహములు విని, తన ఫోనులో ఒక ఆల్బము వినిపించెను. ఆల్బమనగా ఒక గాయకుడు ఒక సంపుటముగా వెలువరించిన పాటల వరుస. లారిన్ హిల్ అను అమెరికా నల్లజాతి గాయని 1998 ఆగస్టులో వెలువరించిన ఆ ఆల్బము పేరు "ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్". లారిన్ హిల్ పొందిన తప్పుడు చదువు అని దాని యర్థము. ఆ పేరునకు మూలము కార్టర్ వుడ్సన్ అను నల్లజాతి చరిత్రకారుడు 1933లో ప్రకటించిన గ్రంథముయొక్క పేరు. తమ జాతి పిల్లలకు బడులలో చెప్పు చదువు వారిని వారికే పరాయివారిని చేయుచున్నదని ఆయన వాదించెను. ఉపాధ్యాయులమగు మాకు ఆ పేరే గుండెలో గ్రుచ్చుకొనెను.

ఆల్బము మొదలు మరియు విచిత్రము. బడిగంట మ్రోగును. ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తీసి ఒక్కొక్క పేరు పిలుచును, పిల్లలు పలుకుచుందురు. చివరకు లారిన్ హిల్ పేరు పిలువగా ఎవరును పలుకరు. ఆమె ఆ దినము బడికి రాలేదు! పాటల నడుమ నడుమ ఆ తరగతి మరల వినవచ్చును. ప్రేమయన నేమి యని గురువు అడుగును. పిల్లలు తమకు తోచినది చెప్పుదురు. ఆ తరగతిలో ఉండవలసిన పిల్ల బయట లోకములో తిరిగి, దెబ్బలు తిని, ఆ పాఠమునే పాటలుగా నేర్చుకొనుచున్నట్లు మాకు తోచినది. ధనము, పేరు మనుష్యులను మార్చివేయుటను గూర్చియు, తల్లియగుటలోని సంతోషమును గూర్చియు, భక్తిని గూర్చియు ఆమె అందు పాడెను.

అంతకు రెండేండ్ల పూర్వమే, 1996లో, ఆమెయు మిత్రులిరువురును కలిసి "ఫ్యూజీస్" అను పేర వెలువరించిన ఆల్బము లోకమంతట వ్యాపించి యుండెను. పేరు చేతికందిన పిమ్మట అదే దారిలో నడచుట సులభము. ఆమె అట్లు చేయక, తన మనసులోని మాటను తన పద్ధతిలో చెప్పెను. ఫలితము చూడుడు. పేరుయొక్క మోసమును గూర్చి పాడిన ఆ పాటలే ఆమెకు మునుపు లేని పేరు తెచ్చినవి! 1999 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారములకు పది విభాగములలో ఆమె పరిగణింపబడి, ఐదింటిని గెలుచుకొనెను. ఆ యేటి ఉత్తమ ఆల్బము అను పురస్కారము హిప్ హాప్ ఆల్బమునకు వచ్చుట అదియే మొదలు.

కథ యింతటితో ముగిసిన యెడల అది పిల్లల నీతికథవలె నుండును. కాని నిజమైన జీవితములు అంత నున్నగా నుండవు. ఆ పాటల రచనలో తమకును పాలు కలదనియు, తమ పేర్లు తగినట్లు ప్రకటింపబడలేదనియు ఆమెతో పనిచేసిన నలుగురు సంగీతకారులు వ్యాజ్యము వేసిరి. అది 2001లో రాజీతో ముగిసెను. అటు పిమ్మట 2002లో ఒక కచేరీ ఆల్బము తప్ప, ఆమె తన పేర మరియొక స్టూడియో ఆల్బము వెలువరింపలేదు. ఆమెను మేము విమర్శింప బూనము. అయితే రెండు సంగతులు గమనింపదగినవి. పేరు వచ్చిన వెనుక దానిని మోయుట, పేరు తెచ్చుకొనుటకంటె కష్టము. మరియు తన మాట తాను చెప్పుటయందు ఎంత పట్టుదల యవసరమో, ప్రక్కవాని పాలు ప్రక్కవానికి ఇచ్చుటయందును అంత పట్టుదల యవసరము. రెండును కలిసిననే దానిని మేము కళానిష్ఠ యందుము.

ఇందుకై సముద్రములు దాటి పోనేల? మన చిత్తూరు పేరునే తన పేరునకు ముందు ధరించిన గాయకుడొకడు ఇదే విషయమునకు మనకు దగ్గరి సాక్షి. చిత్తూరు నాగయ్య 1904 మార్చి 28న రేపల్లెలో జన్మించెను. పెరిగినది కుప్పము, చిత్తూరు ప్రాంతములలో. చిత్తూరి రామవిలాస సభ వారి నాటకములలో నటించి, పాడి, ప్రజల మెప్పు పొందుటచేత ఆ ఊరి పేరు ఆయన కంటుకొనెను. 1938లో "గృహలక్ష్మి" యను చిత్రమున మొదటిసారి తెరపైకి వచ్చెను. అందు కల్లు మానుడని జనులకు బోధించు పాట యొకటి ఆయన పాడెను. మద్యపాన నిషేధమును గూర్చి ప్రసంగించు మన సంఘముల పెద్దలకు ఈ సంగతి సంతోషము కలిగింపక మానదు.

అటు పిమ్మట మూడు చిత్రములు ఆయన పేరును దక్షిణ దేశమంతట నిలిపినవి. 1943లో విడుదలయిన "భక్త పోతన", 1946లో "త్యాగయ్య", 1947లో "యోగి వేమన". "త్యాగయ్య"కు నటుడు మాత్రమే కాక దర్శకుడును నిర్మాతయు ఆయనయే. ఈ మూడు పేర్లను ఒక్కచో ఉంచి చూచినచో ఒక వింత కనబడును. పోతన తన భాగవతమును రాజునకు అంకితమీయ నిరాకరించెనని లోకప్రతీతి. త్యాగరాజు తంజావూరు రాజాస్థానపు పిలుపును కాదనెనని ప్రతీతి. వేమన కలిమిని భోగమును విడిచి బయలుదేరెనని ప్రతీతి. రాజుల యొద్దకు పోని ముగ్గురి వేషములు ధరించుటచేత నాగయ్యకు రాజుల మన్ననలును జనుల మన్ననలును వచ్చినవి! అమెరికా గాయని విషయమున మనము చూచినదే ఇచ్చటను జరిగినది. కీర్తి వలదను మాటకే కీర్తి మిక్కిలి ప్రీతితో వెంటబడును.

మరి నాగయ్య ఆ కీర్తి నేమి చేసెను? మన పెద్దలు ఆయనను ఎముక లేని చేయి గలవాడని చెప్పుదురు. అడిగినవారికి లేదనుట యాయన యెరుగడు. సంపాదించినది నిలువలేదు. 1964లో "భక్త రామదాసు" చిత్రమును తానే నిర్మించి దర్శకత్వము వహించెను. కథానాయకుడుగా వెలిగిన వాడు కడపటి కాలమున తండ్రి వేషములను, చిన్న చిన్న వేషములను ధరించెను. 1965లో ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను. 1973 డిసెంబరు 30న మద్రాసులో మరణించునాటికి ఆయన కలిమి కరిగిపోయి యుండెను. నేడు చెన్నై త్యాగరాయ నగరములోని పనగల్ ఉద్యానమున ఆయన విగ్రహము కలదు.

ఇది చదివిన తండ్రి యొకడు, "చూచితివా, పాట పాడిన వాని గతి యింతే" అని కుమారునితో అనవచ్చును. ఆ తండ్రికి మేము సమాధానము చెప్పవలెను. దారిద్ర్యమే కళానిష్ఠకు గురుతని మేము చెప్పము. పనివాడు జీతమునకు పాత్రుడు, పాటగాడును పనివాడే. తన పాటకు తగిన వెల యడుగుట లోభము కాదు. లెక్కలు చూచుకొనుట, సంతకము పెట్టు కాగితమును చదువుకొనుట, రేపటికి కొంత దాచుకొనుట మేము పిల్లలకు నేర్పవలసినవే. నాగయ్యనుండి నేర్వవలసినది ఆయన పేదరికము కాదు. పెద్ద వేషము పోయి చిన్న వేషము వచ్చినప్పుడు దానిని చిన్నతనముగా నెంచక, అంతే శ్రద్ధతో నిలబడుట. ఆ పాత చిత్రములలో రెండు నిమిషములు మాత్రమే కనబడు ముసలి తండ్రియొక్క స్వరము వినుడు. తొందర లేదు, అలక్ష్యము లేదు. పేరు తగ్గినను పని తగ్గలేదు.

మన కన్నుల యెదుటనున్న కొండ ఇంకొక సాక్ష్యము చెప్పుచున్నది. మేము క్రైస్తవులము, ఆ కొండమీది యారాధన మాది కాదు. ఐనను ఈ ఊరి గాలి పీల్చువారము గనుక తాళ్ళపాక అన్నమాచార్యుని కథ మాకును వారసత్వమే. పదునేనవ శతాబ్దివాడగు ఆ కవిని సాళువ నరసింహరాయలు తన కొలువునకు రప్పించి, స్వామిని గూర్చి పాడినట్టి పదమొకటి తనమీద పాడుమని కోరెననియు, కవి యొల్లక సంకెల వేయించుకొనెననియు ఆయన మనుమడు చిన్నన్న రచించిన ద్విపద చరిత్ర చెప్పుచున్నది. పిదప ఆ పాటలను రాగి రేకులమీద చెక్కించి, ఆలయములోని యొక చిన్న రాతి యరలో భద్రపరచిరి. తరములు గడచినవి. లోకము ఆ రేకులను మరచెను. ఇరువదవ శతాబ్దిలో అవి మరల వెలుగు చూచిన పిమ్మట సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు వానిని చదివి, పరిష్కరించి, ప్రకటించిరి. 1980 ప్రాంతమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన రికార్డులవలన అందు కొన్ని ఇంటింట వినవచ్చినవి.

ఆ రేకులను తలచినప్పుడు మాకొక యూహ పొడముచున్నది. అవియును ఒక ఆల్బమే గదా! వినువారు లేని కాలములోను రాగి చెడలేదు, పాట చెడలేదు. కీర్తి నిద్రపోయినది, నిద్ర లేచి వచ్చి చూచునప్పటికి పాట అట్లే యున్నది. రాజు కోరినట్లు ఆ పదము మార్చియుండినచో ఏమి మిగులును? అందలి రాజు పేరు మారినదా యని వెదకుట మిగులును. మాట మార్చిన పాట, మార్పించినవాని కాలముతో పాటు కాలము చేయును.

ఇక మా తప్పు చెప్పవలసిన తావు వచ్చినది.

వార్షికోత్సవమునకు పది దినములు ముందుగా మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు తాను వ్రాసిన ర్యాప్ పాటను మాకు వినిపించెను. పుస్తకపు బల్లను వ్రేళ్ళతో తట్టుచు, మన చిత్తూరు మాటలోనే పలికెను. వేసవిలో అతని తల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోవును. తెల్లవారకముందే ఆటో యెక్కుట, గంప తరువాత గంప తోతాపురి కాయలు కోయుట, మామిడి సొన చేతులకంటి పుండ్లగుట, రాత్రి ఆ చేతులతో అన్నము కలుపుకొనలేక చెంచాతో తినుట — ఇదియే పాట. అందు ఏడుపు లేదు. ఎవరిని తిట్టుటయు లేదు. ఉన్నది ఉన్నట్లు తాళముమీద పేర్చి చెప్పెను. మేము విని మెచ్చుకొంటిమి. కార్యక్రమములో చేర్చితిమి.

తరువాత తెలిసినది. ఆ యేటి ముఖ్యాతిథి, పాఠశాలకు బల్లలు దానము చేసిన పెద్దమనిషి, అట్టి ఫ్యాక్టరీ యొకదానిలో భాగస్వామియట. కార్యక్రమమును చూచుచున్న మేము భయపడితిమి. ఆయన ఏమియు అనలేదు. ఆయనకు పాట సంగతియే తెలియదు. భయము మాదే. బాలుని పిలిచి, "నాయనా, చేతుల చరణ మొక్కటి తీసివేసి, దాని చోట అతిథిగారి దాతృత్వమును గూర్చి నాలుగు మాటలు పెట్టుము. ఆయన సంతోషించినచో నీకు పేరు వచ్చును; కాలేజీ చదువునకు సాయమును చేయవచ్చును" అని చెప్పితిమి. మేలు కోరియే చెప్పితిమని అప్పుడు మా మనసునకు చెప్పుకొంటిమి.

బాలుడు కొంతసేపు నేల చూచెను. పిదప మెల్లగా, "ఆ చరణం తీసేస్తే పాటలో మా యమ్మే ఉండదు సార్" అనెను. మేము మరియొకసారి నచ్చజెప్పితిమి. అతడు ఎదురు చెప్పలేదు. ఉత్సవ దినమున అతని పేరు పిలువగా వేదికమీదికి రాలేదు. హాజరు పట్టీలో పలుకని ఆ పేరు మాకు అప్పుడు జ్ఞాపకము వచ్చెను. తరగతిగదిలో మేము త్యాగరాజు పాఠము చెప్పితిమి, పోతన పాఠము చెప్పితిమి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా నిచ్చితిమి. ఆ పాఠమును ఆ బాలుడు నేర్చుకొనెను. మేము రాజు పాత్ర వహించితిమి.

ఆ సోమవారము తరగతి యెదుట మేము అతనిని క్షమాపణ కోరితిమి. ఉపాధ్యాయుడు విద్యార్థిని క్షమాపణ కోరుట మర్యాదకు లోపమని తలచువారు కలరు. తప్పు దిద్దుకొనుట చూడని పిల్లలు తప్పు దిద్దుకొనుట యెట్లు నేర్తురు? తరువాత ఆ పాట పాడుమని యడిగితిమి. పాడెను. ఎవరును ఫోను తీయలేదు. చప్పట్లును వెంటనే రాలేదు. ముందు వరుసలోని యొక బాలిక తన చేతులను చూచుకొనెను. ఆమె తల్లియు ఆ పనికే పోవునని తరువాత తెలిసినది.

ఈ యనుభవమువలన మాకు స్థిరపడిన యభిప్రాయములు మూడు. వానిని పాఠశాల పెద్దల యెదుటను, తల్లిదండ్రుల యెదుటను వినయముతో నుంచుచున్నాము.

మొదటిది: పాఠశాల వేదికమీద ర్యాప్ కూడదను నియమము వలదు. బూతు కూడదు, పరుల కులమును మతమును దేహమును ఎగతాళి చేయుట కూడదు, పరుల పాటను తనదని చెప్పుట కూడదు. ఈ మూడు హద్దులు పద్యమునకును, నాటకమునకును, ర్యాప్‌నకును సమానముగా నుండవలెను.

రెండవది: విద్యార్థి తానుగా వ్రాసిన దానిని అతిథుల ప్రీతికొరకు మార్పించు వాడుక మానవలెను. భాష దిద్దవచ్చును, తాళము దిద్దవచ్చును, అసత్యమున్నచో చూపవచ్చును. సత్యమును తీసి పొగడ్తను పెట్టుమనుట మాత్రము చదువు కాదు. అది తప్పుడు చదువు. దాతకు కృతజ్ఞత చెప్పుటకు వందన సమర్పణ యను కార్యక్రమము వేరుగా నున్నది. పిల్లవాని పాటను అందుకు అప్పు తీసికొననక్కర లేదు. నిజమైన దాత ఆ పాట విని, ఫ్యాక్టరీలో చేతికి తొడుగులు సరిగా ఇచ్చుచున్నారా యని విచారించెడివాడేమో! ఆ యవకాశమును ఆయనకును మేము లేకుండ జేసితిమి.

మూడవది తల్లిదండ్రులకు: మీ బిడ్డ పాట పెట్టిన వీడియోను ఎందరు చూచిరని యడుగుటకు ముందు, పాట యేమని చెప్పుచున్నదని యడుగుడు. చూచినవారి సంఖ్య ఫోను చెప్పును. పాట మంచిచెడ్డలు ఫోను చెప్పదు; ఇంటివారు చెప్పవలెను.

విద్యార్థులారా, మీకును ఒక మాట. అరణ్యములో మన ప్రభువునకు కలిగిన శోధనలలో ఒకటి దేవాలయ శిఖరమునుండి క్రిందికి దుముకుమనుట. అందరును చూతురు, అందరును ఆశ్చర్యపడుదురు. నేటి మాటలో చెప్పవలెనన్న అది యొక రీలు. ఆయన దుముకలేదు. మెట్లమీదుగా దిగివచ్చినవానివలె పల్లెలకు పోయి, రోగులను ముట్టెను, పిల్లలను దీవించెను. జనసమూహములు తరువాత వచ్చినవి. అవి వచ్చినప్పుడు ఆయన పారిపోలేదు. అవి రాజును చేయబూనినప్పుడు కొండకు తొలగిపోయెను. జనముతో నుండవలసినదెప్పుడో, తొలగవలసినదెప్పుడో తెలిసియుండుటయే ఈ విషయమున మాకు తెలిసిన యుత్తమ పాఠము.

ప్రతి ఆదివారమును మన దేవాలయములలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుచున్నాము. సంఖ్య చెప్పిన చాలును, పుస్తకము తెరువకయే పాడువారు కలరు. అందు పెక్కు కీర్తనలు రచించినవాడు పందొమ్మిదవ శతాబ్దివాడగు పురుషోత్తమ చౌదరి. మన దేశపు రాగములలో, మన తెలుగు నుడికారముతో పాడెను. పాడువారిలో ఎందరికి ఆ పేరు తెలియునో మీ ప్రక్కవారినే యడిగి చూడుడు. పేరు తెలియకున్నను పాట మరణశయ్య యొద్దను, పెండ్లి పందిటను ఆదుకొనుచున్నది. పేరు తెలిసినచో మేలే. మేము పిల్లలకు ఆ పేరు చెప్పుచునే యున్నాము. కాని ముందు పాట యుండవలెను.

ఆ బాలుని పాటను ఈ సంచికలో అచ్చొత్తింతుమని యడిగితిమి. అది తల్లి సంగతి గనుక తల్లిని అడిగి చెప్పెద ననెను. ఆమె యింకను ఆలోచించుచున్నదట. సంచిక అచ్చునకు పోవు దినము వచ్చినది గనుక ఆ పాట లేకయే ఇది వెలువడుచున్నది. ఆమె సరేయన్నచో వచ్చు సంవత్సరము చదువరులు దానిని ఈ పుటలలో చూతురు, ఒక్క యక్షరమును మార్పబడకుండ. ఆమె వలదన్నచో, అదియును మాకు సమ్మతమే.